బోణీ వేళ అడిగిన మాట

“లోపలికి అడుగు పెట్టావంటే మా అన్నయ్య మీద ఒట్టే!” అంది అమ్మ, గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి.

నాన్న చెప్పులు విప్పబోయి ఆగాడు.

“ఇంకెవరి మీదన్నా పెట్టుకోవే ఒట్టు. ఇవాళ బావ మీద మాత్రం వద్దు,” అన్నాడు.

ఆ మాటతో అమ్మకి ఇంకా మండింది. పొద్దున్నే తెరిచిన షాపుని నాన్న అప్పుడే మూసి ఇంటికి వచ్చేశాడంటేనే మా వీధిలో సగం మందికి ఏదో జరిగిందని తెలిసిపోయింది. మిగతా సగం మందికి అమ్మ గొంతు తెలియజేస్తోంది.

నేను ల్యాప్‌టాప్ మూసి లేచాను. రేపు మంగళగిరిలో నాకు ఇంటర్వ్యూ. ఆత్మహత్యల నివారణ శిక్షణ మీద పనిచేసే యువ పరిశోధకులకు రెండేళ్ళ ఫెలోషిప్. ఎంఎస్సీ సైకాలజీ అయ్యాక ఎవరెవరి ప్రాజెక్టుల కోసమో ఊళ్ళు తిరిగి చేసిన సర్వేలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఇది వస్తే పరిశోధన నాది, పేరు నాది. చెప్పాల్సిన ముక్కలు వల్లె వేసుకుంటున్నదాన్ని, అమ్మ కేకలకి మొదటి వాక్యమే మర్చిపోయాను.

“ఏమైందమ్మా?”

“నన్నడుగుతావేం? మీ నాన్ననడుగు. పొద్దున్నే, బోణీ వేళ, మా అన్నయ్యని ఏమడిగాడో ఆ నోటితోనే చెప్పమను.”

నాన్న నేల చూపులు చూశాడు.

“బజారంతా వినబడేట్టు అడిగిన మనిషికి ఇప్పుడు గొంతు పెగలట్లేదా?”

“బావా, నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా, అని అడిగా,” అన్నాడు నాన్న.

ఆ మాటలు నాన్నవి కావు. నావి. అక్షరం పొల్లుపోకుండా నావి.

పొదిలి మెయిన్ రోడ్డు మీద నాన్నది ఎరువులు, పురుగుమందుల షాపు. మనసు విరిగిన రైతు డాక్టరు దగ్గరికి పోడు, షాపు దగ్గరికి మాత్రం వస్తాడు. కాబట్టి ఆ షాపుల వాళ్ళకే అడగడం నేర్పాలన్నది నా ప్రాజెక్టు. పోయిన నెల మా ఊరి డీలర్లందర్నీ కల్యాణమండపంలో కూర్చోబెట్టి నేనే శిక్షణ ఇచ్చాను. సూటిగా అడగండి, డొంకతిరుగుడు వద్దు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది అని గొంతు చించుకుని చెప్పాను. అందరూ తలలూపారు. బిర్యానీ తిన్నారు. వెళ్ళిపోయారు.

నాకు తెలిసి ఇన్నాళ్ళకి ఒక్కడు అడిగాడు. ఆ ఒక్కడూ మా నాన్న. అడిగింది మా మేనమామని.

“అడిగిన పురుగుమందు ఇచ్చి పంపితే అయిపోయేదిగా!” అంది అమ్మ.

“మందు దేనికే? మిరప తోట పీకేశాడు. చేలో పచ్చని ఆకు లేదు. కొట్టడానికి చెట్టన్నా ఉండొద్దా?”

“అదే అడక్కపోయావా? చావు మాటెందుకు? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని తెలీదా నీకు? అసలే వదిన, కూతురి పురిటికని కనిగిరి పోయి కూర్చుంది. ఇంట్లో ఒక్కడే ఉన్న మనిషి మీదికి పొద్దున్నే చావుని పిలుస్తావా? పైగా బోణీకి వచ్చినవాణ్ణి!”

బోణీ అంటే మా బజార్లో ఆషామాషీ కాదు. అగరొత్తులు వెలిగించి గల్లాపెట్టెకి దండం పెట్టుకున్నాక వచ్చిన మొదటి మనిషిని ఉత్త చేతులతో పంపరు. ఎందుకు, దేనికని ఆరా తీయరు. చెడ్డ మాట అసలే పలకరు. నాకు ఊహ తెలిశాక నాన్న బోణీ బేరం తిప్పి పంపింది లేదు. అలాంటి మనిషి ఇవాళ పంపాడు.

నేను అమ్మ చెయ్యి పక్కకి తీసి నాన్నని లోపలికి లాగి కుర్చీలో కూర్చోబెట్టాను. అమ్మ నన్ను తిట్టింది గానీ ఆపలేదు.

“ఎక్కడ అడిగావు నాన్నా?”

“కౌంటర్ దగ్గరే.”

“పక్కకి పిలవలేదా?”

“పక్కకి ఎక్కడికి పిలుస్తా? అవతల టీ బంకు, ఇవతల యూరియా బస్తాలు.”

“ఎవరన్నా విన్నారా?”

“విన్నారు. టీ తాగేవాళ్ళు నవ్వారు కూడా.”

“అడిగాక ఆయన ఏమన్నాడు?”

“ఏమీ అన్లేదు. నా వంక చూశాడు. అట్టా చూస్తా నిలబడ్డాడు. నాకు భయమేసింది అమ్మాయ్. ఏం మాట్లాడాలో తెలీక, మందు లేదు బావా, స్టాకు రాలేదు, ఇంటికి పో అని షట్టర్ సగం దించేశా.”

నేను తల పట్టుకున్నాను. అడగండి అని గంటసేపు చెప్పినదాన్ని, అడిగాక నోరు మూసుకుని ఆగండి అని ఒక్క నిమిషం చెప్పి వదిలేశాను. షాపు నడిపేవాళ్ళకి మాట ఆగితే బేరం పోయినట్టే. వాళ్ళు ఊరుకోలేరు. ఈ సంగతి పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివిన నాకు, షాపు మనిషి ఇంట్లో పుట్టి కూడా తట్టలేదు.

“తర్వాత?”

“బండెక్కి పోయాడు. పోగానే తోమాకి ఫోన్ చేశా. మీ మామయ్య చేను పక్క చేను అతనిదేగా. ఎందుకు ఏమిటి అని అడక్కుండా పోయి బావ పక్కన కూర్చో, నేనొచ్చేదాకా లేవొద్దు అన్నా. కూర్చున్నాడు. ఇప్పుడే మళ్ళీ మాట్లాడి వస్తున్నా.”

అమ్మ ఉందని కూడా చూడకుండా నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. ఒంటరిగా వదలకండి అన్న మాట శిక్షణలో చివర్లో చెప్పాను. అప్పటికి సగం మంది చేతులు కడుక్కోవడానికి లేచారు. నాన్న విన్నాడు. విని, భయపడి కూడా, చేశాడు. నాకు ఇంత గర్వం ఎంఎస్సీ పట్టా తీసుకున్న రోజున కూడా కలగలేదు.

“ఆహా, తండ్రీ కూతుళ్ళ ముచ్చట చూడలేక చస్తున్నాను,” అంది అమ్మ. అని, నోటి మీద కొట్టుకుంది. “చూశావా, నా నోటికీ అంటింది ఆ మాట! రమ్యా, చెప్తున్నా విను. సాయంత్రం మామయ్య దగ్గరికి పోదాం. కాళ్ళ మీద పడు. నా ప్రాజెక్టు పాడుగాను, నాన్నకి నేనే నేర్పా, బుద్ధి తక్కువైంది అని చెప్పు. రేపు ఆ ఇంటర్వ్యూకి పోనని కూడా చెప్పు.”

“అమ్మా!”

“నాకు నా పుట్టిల్లు కావాలి. నీకు చదువు ఎక్కువైతే అవనీ. గుంటూరు పంపించి చదివించమని మీ నాన్నతో పోట్లాడింది ఎవరో గుర్తుందా?”

గుర్తుంది. నాగేంద్రబాబు మామయ్యే. ఆడపిల్లకి సైకాలజీ ఏంది అని నాన్న గొణిగితే, “నీకు తెలియని చదువు గనకే చదవమంటున్నా బావా,” అన్నాడు. ఆయన మాటకి మా చుట్టుపక్కల ఎదురు లేదు. ఏ విత్తనం పెట్టాలి, ఏ సంబంధం ఖాయం చేసుకోవాలి, గట్టు తగువు ఎట్లా తెంచాలి, అన్నీ ఆయన్నే అడుగుతారు. ఆయన్ని ఎట్లా ఉన్నావని అడిగినవాళ్ళు మాత్రం నాకు తెలిసి లేరు. నేనూ అడగలేదు.

* * *

మధ్యాహ్నం భోజనాలు కాకముందే ప్రేమ్‌చంద్ గారు వచ్చాడు. ఆయన మా ఊరి డీలర్ల సంఘం అధ్యక్షుడు. కల్యాణమండపంలో జ్యోతి వెలిగించింది ఆయనే. వెలిగించి, ఫొటో దిగి, పనుందని వెళ్ళిపోయాడు.

“అంకమ్మరావు గారూ, ఏందండీ ఇది? నా షాపుకి వచ్చిన ప్రతివాడూ అదే మాట. ‘మీరు కూడా మమ్మల్ని చస్తారా అని అడుగుతారా’ అని నవ్వుతున్నారు. ఇట్టాగైతే రైతులు మర్రిపూడి పోయి కొనుక్కుంటారు.”

“కూర్చోండి ముందు,” అన్నాడు నాన్న.

“కూర్చోవటానికి రాలేదు. అమ్మా శ్రీరమ్యా, నువ్వు మా పిల్లవి. పైకి రావాలని మాకూ ఉంది. కానీ మేం వ్యాపారం చేసుకునేవాళ్ళం. మా షాపులన్నీ నీ ప్రాజెక్టులో ఉంటాయని నేనే మాటిచ్చా. ఇప్పుడు ఆ మాట నేనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చేట్టుంది.”

“అంకుల్, షాపులు లేకపోతే రేపు నేను చూపించడానికి ఏమీ ఉండదు.”

“నాకు తెలీదా? అందుకే ఒక దారి చెప్తున్నా. సాయంత్రంలోపు నాగేంద్రబాబు గారి చేత ఒక్క మాట అనిపించు. ‘అది ఉట్టి వేళాకోళం, నాకేం లేదు, నేను ఏమీ అనుకోలేదు’ అని. ఆయన అన్నాడంటే బజారు నోరు మూస్తుంది. నేనే ఫోన్ చేస్తా. ఆ మాట ఉంటే మేమంతా ఉంటాం. లేదా, నీ దారి నీది.”

ఆయన పోయాక అమ్మ మజ్జిగ చిలుకుతూ కవ్వం గోడకేసి కొట్టినంత పని చేసింది. నాన్న అన్నం కెలికి లేచిపోయాడు.

నేను పెరట్లోకి పోయి మా గైడు షిరీన్ మేడమ్‌కి ఫోన్ చేశాను. బోణీ దగ్గర్నుంచి ప్రేమ్‌చంద్ గారి దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. షాపులు పోతే ఏం చెయ్యాలి, ఇంటర్వ్యూలో దీన్ని ఎలా కప్పిపుచ్చాలి అని కూడా అడిగేశాను.

“మీ మామయ్య దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?” అంది మేడమ్.

“తోమా అని ఒకాయన ఉన్నారు మేడమ్.”

“మంచిది. నువ్వెప్పుడు వెళ్తున్నావు?”

“సాయంత్రం. ఆ ఒక్క మాట ఆయన చేత అనిపిస్తే...”

“శ్రీరమ్యా,” అంది మేడమ్ మెల్లగా. “ఏమీ లేదు అని ఆయన చేత చెప్పించడానికి వెళ్తున్నావా?”

సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“శిక్షణ ఎక్కడ పనిచేసిందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎక్కడ తడబడిందో చూసి చెప్పగలిగితే అదే పరిశోధన. షాపులు ఉన్నా లేకపోయినా రేపు దాన్నే చెప్పు. అది రేపటి సంగతి. ఇప్పుడు మాత్రం సాయంత్రం దాకా ఆగకు, వెళ్ళు.”

నేను లోపలికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. “ఇప్పుడే పోదాం పదండి,” అన్నాను. ఎండ మండిపోతోందని అమ్మ అనలేదు. నాన్న ఆటో పిలుచుకొచ్చాడు.

* * *

మామయ్య వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, ఎప్పటిలాగే. మంచం కోడు దగ్గర తోమా గొంతుక్కూర్చుని ఏదో వాన కబురు చెప్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి కొంచెం దూరంగా జరిగాడు గానీ వెళ్ళిపోలేదు.

“రండి, రండి. ఉన్నానో పోయానో చూసిపోదామని వచ్చారా ముగ్గురూ?” అన్నాడు మామయ్య.

“అన్నయ్యా!” అంది అమ్మ.

“అననీవే. అననీ. బజార్లో మీ ఆయన అన్న మాట కన్నా ఇదేం ఎక్కువ కాదు. ఏం బావా? నలుగురు కూర్చున్న చోట, నీకంటే పెద్దవాణ్ణి, పొద్దున్నే ఆ మాట అడుగుతావా నన్ను?”

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షాపు కౌంటర్ ఇవతల నాన్నని నేనెప్పుడూ అంత చిన్నగా చూడలేదు.

అమ్మ నా నడుం మీద పొడిచింది. కాళ్ళ మీద పడమని.

నేను పడలేదు. మంచం ముందు నేల మీద కూర్చున్నాను.

“మామయ్యా, నలుగురి ముందు అడగడం తప్పు. చాలా తప్పు. పక్కకి పిలిచి అడగాలని నేను గట్టిగా నేర్పలేదు. దానికి నన్ను తిట్టు, పడతాను. కానీ అడగడం మాత్రం తప్పు కాదు. దానికి నేను క్షమాపణ చెప్పను. నాన్న చేత కూడా చెప్పించను.”

“ఏమే!” అంది అమ్మ. “మాట తిప్పేస్తావా? ఇంటి దగ్గర నేను చెప్పిందేంటి, నువ్వు చెప్పేదేంటి?”

మామయ్యకి నా పొగరు కొత్త కాదు.

“ఊరందరికీ దారి చెప్పేవాణ్ణమ్మా నేను. నన్నా మీరు అడిగేది?” అన్నాడు చివరికి. కోపంగా అందామనుకున్నాడు. బతిమాలినట్టు వచ్చింది.

అమ్మ ఇంకేమీ అనలేక విసురుగా లోపలికి పోయింది. అత్త ఊరెళ్ళిన దగ్గర్నుంచి మామయ్యకి భోజనం మా ఇంటి నుంచే వస్తోంది. రోజూ క్యారియర్ పంపడం, పాతది తెప్పించుకోవడం అమ్మ పనే. నిన్నటిది కడుక్కుని తీసుకుపోదామని వంటింట్లో మూత తీసినట్టుంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

క్యారియర్ చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

“ఇదేంది? పప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది. ముద్ద కూడా ముట్టుకోలేదే?”

“వేడి చేసింది. సయించట్లేదు.”

“మొన్నా అదే అన్నావు. కుక్కకి పెట్టేసి ఖాళీ గిన్నెలు పంపుతున్నావా రోజూ?”

తోమా తల వంచుకున్నాడు. దానితో అమ్మకి తెలిసిపోయింది.

అమ్మ క్యారియర్ గడప మీద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి మంచం మీద, అన్నయ్య పక్కన కూర్చుంది. చిన్నప్పుడు కూడా అంత దగ్గరగా కూర్చుని ఉండదు, ఆయనంటే అమ్మకి అంత భయం.

“అన్నయ్యా,” అంది. “నా వంక చూడు. నీకు చచ్చిపోవాలని ఉందా?”

నేను శిక్షణ ఇవ్వని మనిషి. పొద్దుట్నుంచీ ఆ మాట పలికినందుకు మొగుణ్ణి గుమ్మం బయట నిలబెట్టిన మనిషి. సూటిగా అడిగింది.

నాన్న ఏదో అనబోయాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని నొక్కాను. ఈసారి ఆగాడు. అమ్మ కూడా ఆగింది.

“ఉందమ్మా,” అన్నాడు మామయ్య.

ఆ తర్వాత ఆయన మాట్లాడుతూనే పోయాడు. నల్ల తామర పురుగు పూతనంతా తినేసిందని, ఎన్ని చేసినా తోట నిలవలేదని, చివరికి తన చేతులతోనే పీకాడని. తనకి పోతే బాధ లేదంట. ఆయన వెయ్యమన్నాడని మిరప వేసినవాళ్ళు పక్క ఊళ్ళో కూడా ఉన్నారు. వాళ్ళు ఎదురొచ్చి నమస్కారం పెడుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదంట. “ఒక్కడన్నా తిట్టడేం కోటేశ్వరీ? తిడితే తేలిగ్గా ఉండును,” అన్నాడు అమ్మతో. కళ్ళనీళ్ళు చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

అమ్మ తుడిచింది. తుడిచి, మొహం పైకెత్తి, ఇంటి దూలాల వంక చూస్తూ గట్టిగా అంది:

“మా అన్నయ్య నూరేళ్ళు బతుకుతాడు. వినబడిందా? ఇప్పుడనండి తథాస్తు, ఎంతమంది ఉన్నారో అందరూ!”

ఏడుపులోనే మామయ్యకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. మా అమ్మ ఎవరో నాకు ఇవాళ తెలిసినట్టనిపించింది. ఆమె కడుపున పుట్టినందుకు గర్వంగా అనిపించింది. ఆ మాట అప్పుడే పైకి అంటే తిడుతుందని ఊరుకున్నాను.

“రేపు ఒంగోలు పెద్దాసుపత్రికి పోదాం మామయ్యా. మానసిక వైద్యులు ఉంటారు. నేనొస్తాను. రాత్రికి మనింటికి వచ్చెయ్యి,” అన్నాను.

“నువ్వెట్టా వస్తావు? రేపు నీ ఇంటర్వ్యూ కదటే?” అన్నాడు మామయ్య.

“అది పోతే పోయింది.”

“పోతే పోయిందా!” అమ్మ నా మీదికి లేచింది. “నోర్ముయ్. ఒంగోలు బస్సెక్కడం నాకు రాదా? మా అన్నయ్యని నేను తీసుకుపోతా. నువ్వు మంగళగిరి పో. పోయి, అందరికీ అడగడం నేర్పి తీరాలని వాళ్ళకి చెప్పు.”

పొద్దున నా ప్రాజెక్టు పాడుగాను అనమన్నది ఈవిడే.

నాన్న అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించి, మామయ్యకి మాత్రమే వినబడేట్టు అడిగాడు.

“బావా, ఇంట్లో గానీ చేలో గానీ మందేమన్నా ఉందా?”

శిక్షణలో అది రెండో ప్రశ్న. అడిగి, నోరు మూసుకుని, మామయ్య మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు నాన్న.

“మోటారు షెడ్లో ఉంది,” అన్నాడు మామయ్య.

తోమా అప్పటికే లేచాడు. నాన్న తాళంచెవులు అడిగి తీసుకుని ఆయన వెంట వెళ్ళాడు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి నాన్న మొహం పాలిపోయి ఉంది.

“తోమా చేత తీసేయించా. ఇక అక్కడ ఏమీ లేదు,” అన్నాడు నాతో. మామయ్య వైపు తిరిగాడు. “సీసా కొత్తది బావా. యాడ కొన్నావు?”

“నిన్న సాయంత్రం. ప్రేమ్‌చంద్ షాపులో.”

“ఆయనేమీ అడగలేదా?”

“తోట పీకిన సంగతి ఆయనకీ తెలుసు. పీకేటప్పుడు రోడ్డు మీద ఆగి పలకరించి పోయాడు. కవర్లో పెట్టి ఇచ్చాడు, ఎండలు ఎక్కువగా ఉన్నాయండీ అన్నాడు, అంతే.”

నాన్నకి ఒక్క క్షణం అర్థం కాలేదు. నాకూ కాలేదు.

“నిన్ననే కొన్నావుగా. మరి ఇవాళ పొద్దున నా షాపుకి ఎందుకొచ్చావు?”

మామయ్య నాన్న వంక చూడలేదు. నా వంక చూశాడు.

“మా మేనకోడలు అడగడం నేర్పిందని ఊరంతా చెప్పుకుంటున్నారుగా. నువ్వన్నా అడుగుతావేమోనని వచ్చా బావా. అడిగావు. అడిగి, నేను నోరు తెరిచేలోపు తరిమేశావు.”

నాన్న రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మామయ్యే ఆయన వీపు నిమిరాడు. నేను మామయ్య ఫోన్లోనూ తోమా ఫోన్లోనూ ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416 ఎక్కించాను. మనసు మాట వినని వేళల్లో, ఎప్పుడైనా మాట్లాడే మనుషులుంటారని చెప్పాను. మామయ్య బుద్ధిగా విన్నాడు.

అమ్మ ఆయన బట్టలు సంచీలో సర్దుతుండగా నా ఫోన్ మోగింది. ప్రేమ్‌చంద్ గారు. సాయంత్రం కాకముందే చేశాడు.

“వేళాకోళం అని చెప్పించమన్నాడు నీ చేత,” అన్నాను మామయ్యతో. దాచడానికి నాకు మనసొప్పలేదు. “నువ్వు అలా అనక్కర్లేదు. షాపులు పోతే పోనీ. రేపు నేను ఎవరి పేరూ చెప్పను, జరిగింది మాత్రం చెప్తాను. నీకిష్టమైతేనే.”

ఫోన్ మోగుతూనే ఉంది.

మామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. గట్టు తగువులకి కూర్చునేటప్పుడు కూర్చున్నట్టు వీపు నిటారుగా పెట్టి చెయ్యి చాపాడు.

“ఇటివ్వు.”

ఇచ్చాను.

“ప్రేమ్‌చంద్ గారూ, నేను నాగేంద్రబాబుని. ఆఁ, బావ అడిగాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు, నేను నిజమే చెప్పా. ఆగండి, నేను చెప్పేది వినండి. రేపు పొద్దున మా అమ్మాయి వెంట మీరు మంగళగిరి వెళ్తున్నారు. షాపు ఎవరికన్నా అప్పజెప్పండి.”

అవతల ఏదో గట్టిగా అన్నారు.

“ఎందుకా?” అన్నాడు మామయ్య. “నిన్న సాయంత్రం మీ షాపులో నన్నేమడిగారో గుర్తు తెచ్చుకుంటూ రండి. అదే అక్కడ చెప్పాలి మీరు.”